శనివారం రాత్రి పేకాట చూస్తాం... ఆడం!



ఈ సంచికకు కవితలు రాసేవాళ్లు రాశారు, జోకులు ఇచ్చేవాళ్లు ఇచ్చారు. మాకు కవిత్వం రాదు. మాకు వచ్చింది ఒక్కటే, శనివారం రాత్రి భోజనాల హాల్లో అందరం కలిసి టీవీ చూడటం. ఈ మధ్య ఆ శనివారం మీద చాలా మాటలు వచ్చాయి. "హాస్టల్లో పిల్లలకి పేకాట చూపిస్తున్నారట" అని ఊళ్లదాకా వెళ్లింది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగారు. వార్డెన్ సారు టీవీ రిమోట్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మమ్మల్ని తిట్టలేదు. "మీరేమంటారో రాసి చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. అందుకని ఇది రాస్తున్నాం. మా తప్పు ఎక్కడుందో అది కూడా దాచకుండా రాస్తున్నాం.

మేము చూసేది రెండు రకాలు. ఒక శనివారం అమెరికాలో జరిగే పోకర్ టోర్నమెంట్ల పాత రికార్డింగులు. ఇంకో శనివారం థియేటర్లో ఆడకపోయినా జనం మర్చిపోని సినిమాలు. వాటిని ఇంగ్లీషులో 'కల్ట్' సినిమాలంటారు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడగొచ్చు. ఉంది. చివరిదాకా చదవమని మనవి.

ఆట గురించి నాలుగు ముక్కలు

మన ఊళ్లలో పేకాట అంటే రమ్మీ. చేతిలో పదమూడు ముక్కలు పట్టుకుని, వరసలు కుదుర్చుకుని షో చెప్పేది. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన ఏమేం నడుస్తాయో అందరికీ తెలుసు, మేం చెప్పనక్కర్లేదు. పోకర్ వేరు. టీవీలో ఎక్కువగా చూపించే 'టెక్సస్ హోల్డెమ్' పద్ధతిలో ఒక్కొక్కరికి రెండే ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి. మీ రెండూ, బల్ల మీది ఐదూ, మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్లదే గెలుపు. ప్రతి మెట్టు దగ్గరా డబ్బు పెంచొచ్చు, ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. తప్పుకున్నవాడు అప్పటిదాకా పెట్టింది వదులుకోవాల్సిందే.

ఇందులో విచిత్రం ఏమిటంటే మంచి ముక్కలున్నవాడే గెలవాలని లేదు. ఏమీ లేనివాడు ఉన్నట్టు నటించి ఎదుటివాడిని భయపెట్టి గెలవొచ్చు. దాన్నే బ్లఫ్ అంటారు. అందుకే ఇది లెక్కల ఆట కూడా, మొహాలు చదివే ఆట కూడా.

మా గదిలో బీఎస్సీ లెక్కలు చదివే అన్న ఒకడున్నాడు. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చని మొదటి రాత్రే నోటు పుస్తకంలో వేసి చూపించాడు. అందులో రెండూ ఆసులే కావడం 6 రకాలు. అంటే సగటున 221 సార్లు పంచితే ఒకసారి. సంభావ్యత పాఠం క్లాసులో మూడుసార్లు విన్నా ఎక్కని తమ్ముళ్లకి ఆ రాత్రి ఎక్కింది. వ్యాఖ్యాతల మాటలు వినీ వినీ మా ఇంగ్లీషు కూడా కాస్త బాగుపడింది. ఈ రెండు లాభాలూ ముందుగా మా ఖాతాలో వేయమని కోరుతున్నాం.

బల్లలో దాచిన కన్ను

'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' అనే పోటీ 1970లో లాస్ వేగాస్‌లోని హార్స్‌షూ అనే కాసినోలో మొదలైంది. చాలా ఏళ్లు టీవీలో దాన్ని చూసేవాళ్లు తక్కువ. ఎందుకుంటారు? నలుగురు మనుషులు బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు మూసి పట్టుకుంటే చూసేవాడికి కనిపించేదేముంది? చెట్టు కింద చదరంగం ఆడే తాతలను దూరం నుంచి చూసినట్టు ఉండేది.

దీన్ని మార్చినవాళ్లలో హెన్రీ ఒరెన్‌స్టీన్ ముఖ్యుడు. ఆయన 1923లో పోలండ్‌లో యూదుల ఇంట్లో పుట్టాడు. నాజీలు ఆయన తల్లిదండ్రులను చంపేశారు. ఆయన్ను ఒక నిర్బంధ శిబిరం నుంచి ఇంకో శిబిరానికి తిప్పారు. ఒక శిబిరంలో శాస్త్రవేత్తలు, లెక్కలు తెలిసినవాళ్లు ఉంటే పేర్లు ఇవ్వమన్నారు. ఒరెన్‌స్టీన్‌కి ఆ చదువు లేదు. అయినా తన పేరూ, అన్నదమ్ముల పేర్లూ ఇచ్చేశాడు. ఆ అబద్ధమే ఆయన ప్రాణం నిలబెట్టినవాటిలో ఒకటైంది. యుద్ధం తర్వాత అమెరికా వెళ్లి బొమ్మల వ్యాపారంలో పైకొచ్చాడు. పిల్లలందరికీ తెలిసిన ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు జపాన్ నుంచి అమెరికా కంపెనీకి చేరడంలో ఆయన పాత్ర ఉంది. పోకర్ అంటే ఆయనకు ఇష్టం. ఆటగాడి మూసిన ముక్కలు టీవీ చూసేవాళ్లకు మాత్రం కనిపించేలా బల్లలో చిన్న కెమెరా పెట్టే పద్ధతికి 1995లో పేటెంట్ తీసుకున్నాడు. బ్రిటన్‌లో 1999లో ఛానల్ 4 వాళ్లు 'లేట్ నైట్ పోకర్' కార్యక్రమంలో బల్లకు గాజు పలకలు పెట్టి కింద నుంచి ముక్కలు చూపించారు. ఒరెన్‌స్టీన్ 2021లో తన 98వ ఏట కన్నుమూశాడు.

ఈ కథ విన్న రాత్రి హాల్లో ఎవరూ మాట్లాడలేదు. బ్లఫ్ అంటే కాసినోలో డబ్బు కోసం చేసేదే కాదు, ప్రాణం కోసం చేసేది కూడా అని తెలిసింది.

ఆ చిన్న కెమెరాతో చూసేవాడి పరిస్థితి మొత్తం మారిపోయింది. ఇప్పుడు టీవీ ముందు కూర్చున్నవాడికి ఇద్దరి ముక్కలూ కనిపిస్తాయి. పక్కనే ఎవరికి నూటికి ఎంత అవకాశం ఉందో అంకె కూడా పడుతుంది. ఆడేవాడు చెమటలు పడుతుంటే చూసేవాడు "అయ్యో, పడెయ్యరా, నీకన్నా వాడివే పెద్దవి" అని అరుస్తాడు. బల్ల దగ్గరున్న ఆటగాళ్లందరికన్నా తానే తెలివైనవాడినని అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. మా తప్పు అక్కడే మొదలైంది.

మనీమేకర్ అనే మామూలు మనిషి

మేము అందరికన్నా ఎక్కువసార్లు చూసింది 2003 పోటీ. క్రిస్ మనీమేకర్ అని అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్. మనీమేకర్ అంటే డబ్బు చేసేవాడు. పెట్టుకున్న పేరు కాదు, ఇంటిపేరే! ఆ పోటీ ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. అతను అంత కట్టలేదు. ఇంటర్నెట్‌లో వంద డాలర్ల లోపు రుసుముతో జరిగిన అర్హత పోటీ నుంచి గెలుచుకుంటూ వచ్చి సీటు సంపాదించాడు. ఎదురుగా పేరు మోసిన ఆటగాళ్లు. మొత్తం 839 మంది. ఐదు రోజుల ఆట తర్వాత మిగిలింది ఇద్దరు, మనీమేకర్, సామీ ఫర్హా.

అక్కడొక ఆట ఉంది. మనీమేకర్ చేతిలో రాజు, ఏడు. బల్ల మీది ఐదు ముక్కలతో కలిపి చూసినా ఒక్క జత కూడా పడలేదు. ఫర్హా చేతిలో తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్ తన దగ్గరున్నదంతా మధ్యలోకి తోసేశాడు. తోసి కదలకుండా కూర్చున్నాడు. ఫర్హా నోట్లో వెలిగించని సిగరెట్. చాలాసేపు ఆలోచించాడు. చివరికి ముక్కలు పడేశాడు. మా హాల్లో పళ్లేలు మోగించారు. వంట మాస్టరు గారు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి "ఏమైందిరా?" అన్నారు. తర్వాత మనీమేకరే గెలిచాడు. బహుమతి 25 లక్షల డాలర్లు.

హాస్టల్ పిల్లలకు ఆ కథ ఎందుకంత నచ్చిందో చెప్పనవసరం లేదు. పెద్ద ఇంట్లో పుట్టనివాడు, పెద్ద ఫీజు కట్టలేనివాడు, చిన్న దారిలోంచి వచ్చి పెద్దవాళ్ల బల్ల దగ్గర కూర్చుని గెలిచాడు. మా అందరి కలా అదే కదా! ఆ కల ఒక్క మా హాస్టల్‌కే రాలేదు. 2003లో 839 మంది ఆడిన పోటీకి 2004లో 2,576 మంది వచ్చారు. 2006లో 8,773 మంది వచ్చారు. టీవీ చూసి వచ్చినవాళ్లే చాలామంది. 2024లో 10,112 మంది ఆడారు.

మా తమ్ముడి సంగతి

ఇప్పుడు అసలు విషయం.

మా పక్క గదిలో రెండో సంవత్సరం చదివే తమ్ముడు ఒకడు ప్రతి శనివారం మాతోనే కూర్చునేవాడు. ఎవరు బ్లఫ్ చేస్తున్నారో, ఎవరు పడేయాలో అందరికన్నా ముందు చెప్పేవాడు. మేం "ఒరేయ్, నువ్వు ఆడితే మనీమేకర్‌వి అయిపోతావురా" అని వీపు తట్టేవాళ్లం. ఆ మాట అన్నది మేమే. దాచం.

వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో లోను తీసి, పరీక్ష ఫీజుకీ, పుస్తకాలకీ, చెల్లి బడి ఖర్చుకీ కలిపి 14,000 రూపాయలు అతని ఖాతాలో వేసింది. చెల్లిది తర్వాత పంపాలి. అతను ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పోకర్ యాప్ ఒకటి ఎక్కించాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ 2020లోనే నిషేధించారు. తెలంగాణలో 2017లోనే నిషేధించారు. అయినా దొంగదారులు ఉండనే ఉన్నాయి. మొదటి రాత్రి 600 వచ్చాయి. మా అందరికీ బజ్జీలు తినిపించాడు. డబ్బెక్కడిదని మేం అడగలేదు. అదీ మా తప్పే. పదకొండో రాత్రికి ఖాతాలో 40 రూపాయలు మిగిలాయి. దుప్పటి ముసుగులో, ఫోను వెలుగులో, ఎవరికీ చెప్పకుండా జరిగిపోయింది.

ఫీజు కట్టే ఆఖరి రోజు ముందు సాయంత్రం మాకు తెలిసింది. ట్రంకు పెట్టె మీద కూర్చుని ఒకటే మాట అన్నాడు. "అన్నా, టీవీలో అంతా అర్థమయ్యేది. ఫోన్లో కూర్చుంటే ఏమీ అర్థం కాలేదు."

మేం తలా ఇంత వేసుకుని ఫీజు కట్టాం. చెల్లి డబ్బు కోసం అతను పెళ్లిళ్ల సీజనులో క్యాటరింగ్ వడ్డనకు వెళ్లాడు. లోను వాయిదాలు మాత్రం వాళ్లమ్మ ఇంకా కడుతూనే ఉంది. పేరు రాయకుండా ఈ సంగతి రాయొచ్చా అని అతన్నే అడిగాం. "రాయండన్నా, ఇంకొకడికి పనికొస్తుంది" అన్నాడు.

టీవీ చూపించనిది

అతనన్న మాట మీద మేం చాలా రోజులు ఆలోచించాం. టీవీలో అర్థమైంది, ఫోన్లో అర్థం కాలేదు. ఎందుకు? టీవీలో ఒరెన్‌స్టీన్ కెమెరా ఉంది. ఫోన్లో లేదు. టీవీలో అతను చూసింది రెండు వైపుల ముక్కలు. ఫోన్లో కనిపించింది తన రెండు ముక్కలే. మేం నేర్చుకున్నామనుకున్న తెలివి మాది కాదు, కెమెరాది. దిగితేగానీ లోతు తెలియదంటారు. ఇక్కడ ఒడ్డున ఉన్నవాడికి లోతు తెలిసినట్టే అనిపించడం ఇంకా ప్రమాదం.

ఇంకా కొన్ని లెక్కలు వేశాం. 2003లో 839 మంది ఆడితే బహుమతి డబ్బు అందినది 63 మందికి. మిగతా 776 మంది కట్టిన రుసుము పోయినట్టే. అందులో ఒక్కరి మొహం మాకు గుర్తులేదు. టీవీ చూపించలేదు గనక. ఐదు రోజుల ఆటను కోసి కోసి కొన్ని గంటలు చేశారు. ఉత్కంఠ ఉన్న ఆటలే ఉంచారు. అసలు ఆటలో మంచి ఆటగాడు చేసే పని ఎక్కువసార్లు ముక్కలు పడేయడమే. గంటకు 30 సార్లు పంచారనుకున్నా రెండు ఆసులు రావడానికి సగటున ఏడు గంటల పైన పడుతుంది. ఆ ఏడు గంటల ఓపిక టీవీలో కనిపించదు. టీవీ చూసి ఆడేవాడికి ప్రతి ఆటా ఆఖరి ఆటలాగే అనిపిస్తుంది, ప్రతిసారీ అంతా తోసేయాలనిపిస్తుంది.

"ఇది నేర్పు ఆట, జూదం కాదు" అనే వాదన ఉంది. అది పూర్తిగా తప్పని మేం అనం. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద ఆధారపడిన ఆటేనని సుప్రీంకోర్టు 1960ల చివర్లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. నేర్పు ఆటే అనుకుందాం. అయితే నేర్పు ఎవరికి ఉంది? కొత్తగా కూర్చున్నవాడికి లేదు. నేర్పు ఆట అయితే నేర్పు లేనివాడు ఇంకా తొందరగా పోగొట్టుకుంటాడు. ధర్మరాజుకి పాచికలంటే ఇష్టం, ఆడటం మాత్రం రాదు. శకుని పిలిచింది అందుకే కదా! డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. కానీ మన రాష్ట్రంలో నిషేధం ఉండగానే మా తమ్ముడి డబ్బు పోయింది. చట్టం గుమ్మం దాకానే వస్తుంది, దుప్పటి లోపలికి రాదు. అక్కడికి వెళ్లగలిగింది పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడే.

ఆడని సినిమాలు

ఇప్పుడు రెండో శనివారం సంగతి. 'రౌండర్స్' అనే ఇంగ్లీషు సినిమా 1998లో వచ్చింది. మాట్ డామన్, ఎడ్వర్డ్ నార్టన్ నటించారు. న్యూయార్క్‌లో లా చదివే కుర్రాడు, పోకర్ పిచ్చి. థియేటర్లలో అది పెద్దగా ఆడలేదు. తర్వాత డీవీడీల్లో, టీవీలో చూసి చూసి పోకర్ ఆడేవాళ్లంతా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మనీమేకర్ కూడా ఆ సినిమా తన మీద పనిచేసిందని చెప్పినవాడే.

ఆ సినిమా మొదట్లోనే కుర్రాడు తన దగ్గరున్న 30,000 డాలర్లూ ఒక్క ఆటలో పోగొట్టుకుంటాడు. ఆ ఆట చూసినప్పుడల్లా మాకు ట్రంకు పెట్టె గుర్తొస్తుంది. అక్కడిదాకా సినిమా నిజం చెప్పింది. చివర్లో అదే బల్ల దగ్గర, అదే మనిషితో ఆడి అంతా తిరిగి గెలుస్తాడు. చప్పట్లు కొడతాం, ఇష్టంగానే కొడతాం. కానీ ఆ ముగింపు మాకు నచ్చలేదని ఇక్కడ రాసి పెడుతున్నాం. పోయినచోటే వెతుక్కోవాలన్న ఆ మాటే పదకొండు రాత్రులూ మా తమ్ముడి చెవిలో మోగింది.

మిగతా కల్ట్ సినిమాల సంగతి వేరు. 'రాకీ హారర్ పిక్చర్ షో' అని 1975లో వచ్చి దెబ్బతింది. 1976లో న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్లో అర్ధరాత్రి ఆటలు మొదలుపెట్టారు. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు. తెర మీద పాత్రలకు ఎదురు సమాధానాలు చెప్పడం, పెళ్లి సన్నివేశంలో బియ్యం చల్లడం, వాన సన్నివేశంలో నెత్తిన పేపరు పెట్టుకోవడం మొదలైంది. అక్షింతలు మనకు కొత్తా చెప్పండి! యాభై ఏళ్లు దాటినా ఆ సినిమాను ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వేస్తూనే ఉన్నారు.

'ది రూమ్' ఇంకా విచిత్రం. టామీ వైజో అనే ఆయన తానే రాసి, తీసి, నటించి, మనీమేకర్ గెలిచిన 2003లోనే లాస్ ఏంజిలిస్‌లో విడుదల చేశాడు. 60 లక్షల డాలర్లు ఖర్చయిందంటారు. రెండు వారాల్లో వచ్చింది 1,800 డాలర్లు. నటన, మాటలు, కథ ఏదీ కుదరలేదు. ఒక గదిలో చెంచా బొమ్మ ఫ్రేము కట్టి ఉంటుంది. అది కనిపించినప్పుడల్లా ప్రేక్షకులు తెర మీదికి ప్లాస్టిక్ చెంచాలు విసురుతారు. ఊళ్లూ దేశాలూ దాటి అర్ధరాత్రి ఆటలు పడ్డాయి. నవ్వడానికే వస్తారు, నిజమే. కానీ వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు, స్నేహితులను తీసుకొస్తారు. ఆ సినిమా తీసిన కథ మీదే 2017లో ఇంకో సినిమా వచ్చింది.

ఇదేదో అమెరికా వాళ్లకే ఉన్న పిచ్చి అనుకోవద్దు. 2010 అక్టోబరులో వచ్చిన 'ఖలేజా', నవంబరులో వచ్చిన 'ఆరెంజ్' రెండూ నష్టపోయిన సినిమాలే. ఖలేజాను జనం టీవీలో చూసి చూసి ఇష్టపడ్డారు. ఆరెంజ్ పాటలు ఏ కాలేజీ ఫంక్షన్లో వినపడలేదు? 2023 మార్చిలో ఆరెంజ్‌ను, 2025 మే నెలలో ఖలేజాను మళ్లీ థియేటర్లలో వేస్తే టిక్కెట్లు దొరకలేదు. అప్పుడు పుట్టీ పుట్టని పిల్లలు కూడా ప్రతి మాటా తెరతో పాటు అప్పజెప్పారు. మా హాల్లో ఖలేజా వేసిన రాత్రి టీవీ సౌండు ఆపేసినా తేడా తెలిసేది కాదు. డైలాగులన్నీ మేమే చెప్పాం. వాచ్‌మన్ తాతయ్య కూడా రెండు చెప్పారు!

రెంటికీ సంబంధం

పోకర్ పోటీలో పదివేల మంది కూర్చుంటే మొదటివాడు ఒక్కడే. ఒకడికి రావాలంటే ఇంకొకడికి పోవాలి. కల్ట్ సినిమా రాత్రి అలా కాదు. ఓడిపోయిన సినిమాను నలుగురు కూర్చుని గెలిపిస్తారు. అక్కడ ఎవరి జేబులోంచీ పోయేదేమీ లేదు. పదో తరగతిలో ఒకసారి తప్పినవాళ్లు, ఇంటర్లో సప్లిమెంటరీ రాసినవాళ్లు మాలో ఉన్నారు. మొదటి ఆటకే తీర్పు అయిపోదని ఆ సినిమాలు చెబుతుంటే మాకు ధైర్యంగా ఉంటుంది. గెలుపు ఆలస్యంగా రావచ్చు. కానీ అది నలుగురి మధ్య కూర్చుంటే వస్తుంది, దుప్పటి ముసుగులో రాదు.

అయితే పోకర్ చూడటం మానేయాలా? మానక్కర్లేదని మా అభిప్రాయం. చూసే పద్ధతి మార్చుకోవాలి.

రిమోట్ బీరువాలోకి వెళ్లకముందు ఆఖరి శనివారం మేమొక పని చేశాం. పాత నోటు పుస్తకం అట్ట చింపి, టీవీ తెర మీద ముక్కలు, అంకెలు కనిపించే చోట అతికించాం. ఇక మాకూ ఆటగాడికి కనిపించినంతే కనిపిస్తుంది. అప్పటిదాకా చూడని ఒక పోటీ పెట్టాం. ప్రతి ఆటలో మధ్యలో ఆపి, ఎవరి దగ్గర ఏముందో, ఎవరు బ్లఫ్ చేస్తున్నారో తలా ఒక చీటీ రాయాలి. తర్వాత అట్ట ఎత్తి చూడాలి. 20 ఆటలు చూశాం. మా అందరిలో ఎక్కువ సరిగ్గా రాసినవాడికి వచ్చినవి ఆరు. "చీటీ కలవనివాడు పళ్లేలు కడగాలి" అని ఎవరో అంటే, "అది మాత్రం పందెం కాదా?" అని వంట మాస్టరు గారు అడిగారు. నిజమే కదా అని అందరం కలిసి కడిగాం.

ఆ రాత్రి అట్ట ఎత్తే పని మా తమ్ముడిదే. మొదటి ఐదు ఆటలు నవ్వుతూ ఎత్తాడు. తర్వాత నవ్వలేదు. ఇరవయ్యో ఆట అయ్యాక, "ఈ అట్ట ముందే పెట్టుంటే నేను ఆడేవాణ్ణి కాదన్నా" అన్నాడు. మేము ఇన్ని పేజీలు రాసినా చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే.

మా విన్నపం

వార్డెన్ సారూ! శనివారం రాత్రి టీవీ మాకు తిరిగి ఇప్పించండి. మేం ఈ కింది మాటలకు కట్టుబడి ఉంటాం.

మొదటిది, పోకర్ చూస్తే అట్ట పెట్టే చూస్తాం. రెండోది, హాల్లో లైట్లు వేసే, అందరం కలిసే చూస్తాం. పడుకున్నాక ఎవరి దుప్పటి కింద వెలుగు కనిపించినా పక్క మంచం వాడు లేపి అడుగుతాడు. ఫిర్యాదు చేయడానికి కాదు, తోడు కూర్చోవడానికి. మూడోది, ఎవడైనా డబ్బు పోగొట్టుకుంటే తిట్టకముందు ఫీజు సంగతి చూస్తాం. భయపడి దాచినవాడే ఇంకా పోగొట్టుకుంటాడని మాకు తెలిసింది. నాలుగోది, ఎవడి వీపూ తట్టి "నువ్వు మనీమేకర్‌వి" అనం.

తల్లిదండ్రులకు ఒక మాట. మీరు భయపడటంలో తప్పు లేదు. కానీ టీవీ ఆపితే ఫోను ఆగదు. పదిమందిలో చూసే ఆటను ఆపితే ఒంటరిగా ఆడే ఆట మిగులుతుంది. మా తమ్ముడు మా మధ్య కూర్చున్న శనివారాల్లో ఒక్క రూపాయి పోలేదు. పోయింది మిగతా రాత్రుల్లో.

వచ్చే శనివారం వార్డెన్ గారిని, ట్యూటర్ గార్లను, వీలైతే ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా భోజనాల హాలుకు ఆహ్వానిస్తున్నాం. మనీమేకర్ ఆటే వేస్తాం, అట్ట పెట్టి. మీరూ ఒక చీటీ రాయండి. ఆ తర్వాత రిమోట్ ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించండి. మీ మాట వింటాం.

హాస్టల్ వదిలి వెళ్తున్న మూడో సంవత్సరం అన్నలకు శుభం కలగాలని, కొత్తగా వచ్చే తమ్ముళ్లకు అట్ట ఎక్కడ దాచామో చెబుతామని తెలియజేస్తూ,

మీ
ఏడో నంబరు గది మిత్రులు